పోలీసు స్టేషన్‌లో మా సంస్థకు గది ఇస్తామంటున్నారు. వెళ్లాలా, వద్దా?

తెల్లకాగితం:

అందరికీ నమస్కారం. ఇంట్లో హింసకు గురైన మహిళలకు తోడుగా నిలిచే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మేము మొత్తం ఆరుగురం. ఇన్నేళ్లూ పోలీసులతో మా సంబంధం అక్కడున్న అధికారి మనసును బట్టి నడిచింది. మంచి మనిషి వస్తే పని జరిగేది. ఆ మనిషికి బదిలీ అయితే మళ్లీ గేటు దగ్గర నిలబడి, మేమెవరమో మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది.

పోయిన నెల కొత్తగా వచ్చిన అధికారిణి మమ్మల్ని పిలిపించి ఒక ప్రతిపాదన పెట్టారు. స్టేషన్ ఆవరణలోనే మాకు ఒక గది ఇస్తారట. వారానికి మూడు రోజులు మా కార్యకర్త అక్కడ కూర్చోవాలి. భార్యాభర్తల మధ్య గొడవలని వచ్చే ఫిర్యాదులన్నీ ముందు మా దగ్గరికే పంపుతారట.

ఆ చివరి మాట దగ్గర మా సమావేశం రెండుగా చీలిపోయింది. ఎన్నేళ్లుగానో అడుగుతున్న అవకాశం ఇప్పుడు తలుపు తడితే కాదనకూడదని సగం మంది అన్నారు. ఫిర్యాదు రాసుకునే పని తప్పించుకోవడానికి మనల్ని అడ్డం పెట్టుకుంటున్నారని మిగిలిన సగం. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తున్నాయి, అందుకే నిద్ర పట్టడం లేదు.

పోలీసు వైపు నుంచైనా, సంస్థల వైపు నుంచైనా, సహాయం అడిగి వచ్చిన వాళ్ల వైపు నుంచైనా ఇలాంటి ఏర్పాటును దగ్గరగా చూసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి. పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఖాకీ_ముప్పైయేళ్లు:

పోలీసు శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. నా సలహా, వెళ్లండి. అయితే "ముందు మీ దగ్గరికి పంపుతాం" అన్న వాక్యాన్ని కొట్టేయించాకే వెళ్లండి.

ఒక నిజం ఒప్పుకుంటాను. ఇంటి గొడవ అని కబురు వచ్చినప్పుడు మాలో చాలామందికి మొదట కలిగేది విసుగు. దానికీ ఒక కారణం ఉంది. రాత్రి పూట వెళ్తాం, ఆమె ఏడుస్తూ అంతా చెబుతుంది, రాసుకుంటాం. పది రోజులు తిరగకముందే వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగాక కానిస్టేబుల్‌కు ఆ ఇంటి చిరునామా వినగానే నిట్టూర్పు వస్తుంది. నాకూ వచ్చేది. ఆ పది రోజుల్లో ఏం జరుగుతోందో అర్థం కావడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. ఆ పది రోజులూ ఆమెతో మా వైపు నుంచి ఒక్కరూ మాట్లాడలేదు. అతను మాత్రం రోజూ మాట్లాడాడు, అతని వాళ్లూ మాట్లాడారు. ఇంటద్దె ఎవరు కడతారు, పిల్లలు ఏ బడికి వెళ్తారు, రేపు రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది, వీటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉన్నది కేసు నంబరు మాత్రమే.

ఆ పది రోజులు మీవి. మీరు ఆ పది రోజులు ఆమె పక్కన ఉంటే నేను రాసిన కాగితానికి ప్రాణం ఉంటుంది. నేను కాగితమే రాయకపోతే మీరెంత పక్కన కూర్చున్నా అతనికి భయం ఉండదు. అందుకే, ముందు నమోదు, ఆ వెంటనే మీరు. ఈ వరస తారుమారు కానివ్వకండి.

సుముఖం:

నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా మనసులో ఉన్నది చెబుతాను. కుటుంబ సలహా కేంద్రంలో తొమ్మిదేళ్లు సేవ చేశాను. ఒకసారి కేసు పడ్డాక ఇద్దరి మధ్య మాట తెగిపోతుంది. తర్వాత ఎవరు ఎంత చెప్పినా అది పరువు పట్టింపుగా మారుతుంది. ముందే కూర్చోబెట్టి మాట్లాడిస్తే నిలబడిన కాపురాలు నేను కళ్లారా చూశాను, పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ దక్కారు. మీ గదిని ఆ పనికి వాడుకుంటే తప్పేమిటి? పోలీసులు చేయలేని పని అదే కదా.

న్యాయపథం:

సుముఖం గారూ, మీ ఉద్దేశాన్ని శంకించడం లేదు. కానీ గొడవ వేరు, హింస వేరు. గొడవలో ఇద్దరూ గొంతు ఎత్తగలరు. హింసలో ఒకరే గొంతు ఎత్తగలరు, మరొకరు పలికిన ప్రతి మాటకూ లెక్క చెప్పుకోవాలి. రాజీ కుదరాలంటే ఇద్దరూ కాదనగలిగే స్థితిలో ఉండాలి. ఆమె కాదనలేని చోట కుదిరినదాన్ని రాజీ అనలేం.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. మహిళలపై హింస, గృహహింస నివారణకు ఐరోపా దేశాలు 2011లో ఇస్తాంబుల్‌లో కుదుర్చుకున్న ఒప్పందం 48వ అధికరణంలో, ఇలాంటి హింస కేసుల్లో మధ్యవర్తిత్వాన్ని, రాజీ ప్రక్రియను తప్పనిసరి చేయకూడదని రాసుకున్నాయి. భారతదేశంలో 2005 నాటి గృహహింస చట్టం 5వ సెక్షన్ కూడా చదవదగ్గది. రక్షణ ఉత్తర్వు కోరే హక్కు, సేవా సంస్థల సహాయం, ఉచిత న్యాయ సహాయం గురించి ఆమెకు తెలియజేయడం పోలీసు అధికారి బాధ్యత అని అది చెబుతుంది. ఆ వెంటనే, నేరం జరిగిన సమాచారం అందినప్పుడు చట్టప్రకారం చేయాల్సిన పని నుంచి ఈ చట్టంలోని ఏ మాటా పోలీసును తప్పించదని కూడా స్పష్టం చేస్తుంది. అంటే సంస్థ దగ్గరికి పంపడం పోలీసు పనికి అదనం, బదులు కాదు. అదే చట్టం 10వ సెక్షన్ కింద సేవా సంస్థగా నమోదైతే, ఆమె కోరినప్పుడు గృహహింస నివేదికను మీరే రాసి మెజిస్ట్రేటుకూ, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే సంరక్షణ అధికారికీ పంపవచ్చు. ఆ నమోదు లేకపోతే, గది సంగతి తర్వాత, ముందు దాని కోసం దరఖాస్తు పెట్టండి.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం గురించి కూడా ఒక తీర్పు చెప్పాలి. టర్కీకి చెందిన నహిదె ఓపుజ్, ఆమె తల్లి ఏళ్ల తరబడి దెబ్బలు తిని, కత్తిపోట్లకు గురై, చంపుతానన్న బెదిరింపులు విని ఫిర్యాదులు చేశారు, ఒత్తిడితో వెనక్కి తీసుకున్నారు. వాళ్లు వెనక్కి తీసుకోవడంతో చాలా కేసులు మూతపడ్డాయి. చివరికి 2002లో నహిదె భర్త ఆ తల్లిని కాల్చి చంపాడు. 2009లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ దేశాన్ని తప్పుపట్టింది. ఆమె వెనక్కి తీసుకుంది కాబట్టి మా బాధ్యత తీరిందని అధికారులు అనుకోకూడదని, ఎందుకు తీసుకుందో, ప్రమాదం ఎంత ఉందో తూచి చూడాలని చెప్పింది. మీ గదిలో కూర్చునే మనిషికి ఈ ఒక్క తీర్పు తెలిస్తే చాలా మేలు.

నీలిగోడ:

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నన్ను ఇలాంటి గదిలోనే కూర్చోబెట్టారు. అతని పక్క కుర్చీలో. మా ఎదురుగా ఒక పెద్దావిడ, చాలా మెత్తగా మాట్లాడారు. "నీ బాధ ఏమిటో చెప్పమ్మా, ఇక్కడ భయం లేదు" అన్నారు. అతను నా వైపు చూడనే లేదు, మోకాలి మీద వేలితో తడుతూ కూర్చున్నాడు. ఆ తట్టడం నాకు తెలుసు. నేను అక్కడ పలికే ప్రతి మాటకూ ఆ రాత్రి ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. ఏమీ లేదన్నాను. కోపంలో వచ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నామన్నాను. "ఇరువురూ కలిసి ఉండటానికి అంగీకరించారు, సమస్య పరిష్కారమైంది" అని రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించారు.

ఆ కాగితం మీద ఉన్నది పోలీసు సంతకం కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ ముద్ర.

ఆ తర్వాత రెండున్నరేళ్లు నేను ఎవరినీ సహాయం అడగలేదు. నా సమస్య పరిష్కారమైపోయింది కదా. చివరికి బయటపడ్డాను, అది వేరే కథ. ఆ పెద్దావిడ మీద నాకు కోపం లేదు. ఒక్క పది నిమిషాలు అతన్ని బయటికి పంపి నన్ను ఒంటరిగా అడిగి ఉంటే అంతా చెప్పేదాన్ని.

సుముఖం:

నీలిగోడ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. ఆ తొమ్మిదేళ్లలో మేము ఇద్దరినీ ఎప్పుడూ విడివిడిగా అడగలేదు. ఎదురెదురుగా మాట్లాడుకుంటేనే అపోహలు తొలగుతాయని మాకు నేర్పారు, నేనూ నమ్మాను. నిలబడ్డాయని ఇక్కడ రాసిన కాపురాల్లో ఎన్ని మీ కాపురంలాగా నిలబడ్డాయో నాకు తెలియదు. ఆ మాట తలచుకుంటే కడుపులో తిప్పుతోంది. నన్ను క్షమించండి.

రాత్రిపాళి_నర్సు:

అత్యవసర విభాగంలో పనిచేస్తాను. స్టేషన్‌కు వెళ్లే వాళ్లకంటే ముందు మా దగ్గరికి వచ్చే వాళ్లే ఎక్కువ. కాబట్టి ఈ చర్చలో ఆసుపత్రి ఊసు లేకపోతే ఊరుకోలేను.

గొంతు నులమడం గురించి పోలీసులకూ సంస్థలకూ ఒకే మాట చెప్పాలనుకుంటున్నాను. దాన్ని దెబ్బల జాబితాలో పదో అంశంగా రాయకండి. భాగస్వామి ఒకసారి గొంతు నులిమిన మహిళ తర్వాత అదే చేతిలో హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అంతకు ముందు శాన్ డియాగోలో ఇలాంటి 300 కేసుల ఫైళ్లు తిరగేస్తే, చాలా వాటిలో పోలీసు కంటికి గాయమే కనిపించలేదని తేలింది. గాయం లేదు కాబట్టి చిన్న గొడవ అని రాసేశారు. మెడ మీద మచ్చ ఉండకపోవచ్చు. గొంతు బొంగురు పోయిందా, మింగుతుంటే నొప్పిగా ఉందా, ఆ క్షణంలో కళ్లు చీకట్లు కమ్మాయా, తెలియకుండా మూత్రం పోయిందా అని అడగాలి. అడగకపోతే ఆమె చెప్పదు. సిగ్గుతో కొంత, అది ముఖ్యమని తెలియక కొంత.

జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1980ల మధ్యలో, చంపేసే స్థాయికి వెళ్లే హింసను ముందే గుర్తించడానికి ప్రశ్నలు తయారు చేశారు. ఆ పని ఆధారంగా 2005లో మేరీలాండ్ రాష్ట్రంలో పోలీసుల కోసం పదకొండు ప్రశ్నల పత్రం వచ్చింది. అందులో మొదటి మూడూ గుర్తుంచుకోండి. ఆయుధం వాడాడా, లేదా ఆయుధంతో బెదిరించాడా? చంపుతానన్నాడా? నిన్ను చంపవచ్చని నీకు అనిపిస్తోందా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవునన్నా, కానిస్టేబుల్ ఆ ఇంటి దగ్గర నుంచే సహాయ సంస్థకు ఫోను కలుపుతాడు. ఆమెకు నంబరు రాసి ఇచ్చి వెళ్లిపోవడం కాదు, తన ఫోనులో తానే కలిపి మాట్లాడతావా అని అడుగుతాడు. మాట్లాడాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

చిన్న తేడాలా ఉంటుంది. కానీ నంబరు ఉన్న కాగితం ముక్కలు మా వార్డు చెత్తబుట్టలో నాకు ఎన్నో దొరికాయి. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్తే అతనికి దొరుకుతుందని ఆమె భయం.

గడపదీపం:

ఆశ్రయ గృహం నడుపుతున్నాను. నర్సు గారు చెప్పిన ఫోను రాత్రి రెండు గంటలకు మోగితే ఎత్తేది నాలాంటివాళ్లే. కాబట్టి తెల్లకాగితం గారిని ఒకటి అడుగుతాను. పగలు మూడు రోజులు గదిలో కూర్చోవడానికి మీకు మనుషులున్నారు, సరే. రాత్రి ఫోను ఎవరిది? హింస ఆఫీసు వేళల్లో జరగదు.

రెండోది, నా జీవితంలో నేను మరచిపోలేనిది. పోలీసులే ఒకమ్మాయిని రక్షించి మా దగ్గర దించి వెళ్లారు. నాలుగో రోజు ఆమె భర్త మా గేటు ముందు నిలబడ్డాడు. ఎలా తెలిసిందో ఆరా తీస్తే, బిడ్డల కోసం ఏడుస్తున్నాడని జాలిపడి స్టేషన్‌లో ఎవరో చెప్పారట. చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు, జాలితో చెప్పారు. ఆ రాత్రే ఆ అమ్మాయిని మరో చోటికి మార్చాం. మిగిలిన పద్నాలుగు మందికీ ఆ వారమంతా నిద్ర లేదు. అప్పటి నుంచి మా చిరునామా ఏ స్టేషన్ పుస్తకంలోనూ ఉండకూడదని పట్టుబట్టాను. పోలీసు వాహనం ఒక నిర్ణీత చోటు వరకే వస్తుంది, అక్కడి నుంచి మేమే తీసుకెళ్తాం.

ఒక ఆవరణలో కలిసి కూర్చుంటే స్నేహం పెరుగుతుంది. టీ తాగుతూ మాటల్లో పేర్లు దొర్లుతాయి. నాకు భయం అక్కడే.

అధ్యయనం:

ఈ విషయం మీదే పరిశోధన చేస్తున్నాను. వేరే చోట్ల ఈ కలయిక ఎలా పుట్టిందో చెబితే తెల్లకాగితం గారికి ఉపయోగపడవచ్చు.

అరెస్టు చేస్తే చాలా అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. 1981, 82లలో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ 314 ఘటనల్లో ఒక ప్రయోగం చేశారు. పోలీసులు వెళ్లిన చోట చీటీ తీసినట్టు మూడింటిలో ఒకటి చేశారు. అరెస్టు చేయడం, సర్దిచెప్పడం, ఎనిమిది గంటల పాటు అతన్ని ఇంటి నుంచి పంపేయడం. అరెస్టయిన వాళ్లు తర్వాతి ఆరు నెలల్లో మళ్లీ చేయి చేసుకోవడం తక్కువగా కనిపించింది. ఆ ఫలితం చూసి అనేక రాష్ట్రాలు అరెస్టు వైపు మళ్లాయి. తర్వాత వేరే నగరాల్లో అదే ప్రయోగం చేస్తే ఫలితం ఒకేలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం లేని మగవాళ్ల విషయంలో అరెస్టు తర్వాత హింస పెరిగింది కూడా. నేను దీని నుంచి గ్రహించింది ఏమిటంటే, అరెస్టు ఒక రాత్రిని కాపాడుతుంది. అతను విడుదలయ్యే గంటకు ఆమె ఎక్కడ ఉంది, ఆ విషయం ఆమెకు ఎవరు చెప్పారు అన్నది రెండో రాత్రిని నిర్ణయిస్తుంది. ఆ కబురు చేరవేయడం మీ ఒప్పందంలో ఎవరి పని అని రాసుకుంటారు?

1981లోనే, మినియాపోలిస్ ఉన్న రాష్ట్రంలోనే ఉన్న డులూత్ పట్టణంలో ఎలెన్ పెన్స్, ఆమె సహచరులు దీనికి ఒక దారి వేశారు. అరెస్టు జరగగానే పోలీసుల నుంచి ఆశ్రయ గృహానికి కబురు వెళ్లేది, కార్యకర్తలు ఆమెను వెళ్లి కలిసేవారు. అందరూ డులూత్ అనగానే ఈ మాటే చెబుతారు. నాకు అంతకంటే విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. పోలీసు, ప్రాసిక్యూటరు, న్యాయస్థానం, ఎవరేం చేయాలో కాగితం మీద రాయించి, దాని ప్రకారం పని జరుగుతోందో లేదో బయటి సంస్థ కేసు తర్వాత కేసు గమనిస్తూ వచ్చింది. మంచి మనిషి వస్తేనే పని జరగడం అన్న జబ్బుకు మందు అదే. పద్ధతి మనిషి మీద కాకుండా కాగితం మీద నిలబడింది.

ఆస్ట్రియాలో 1997లో వచ్చిన చట్టం మరో అడుగు వేసింది. హింసించినవాణ్ణి ఇంటి నుంచి వెళ్లిపోమని పోలీసులే అక్కడికక్కడ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆమె బట్టలు సర్దుకుని పోనక్కరలేదు, అతను తాళాలు ఇచ్చి పోవాలి. ఆ ఉత్తర్వు ఇచ్చిన వెంటనే పోలీసులు సహాయ కేంద్రానికి తెలియజేయాలి. కేంద్రం వాళ్లే ఆమెను పలకరిస్తారు. ఆమె వెతుక్కుంటూ రానక్కరలేదు. ఖాకీ గారు చెప్పిన ఆ పది రోజుల ఖాళీని చట్టమే నింపిందన్నమాట.

ముంబైలో 1984లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ మొదలుపెట్టిన మహిళా, శిశు ప్రత్యేక విభాగం అచ్చంగా మీ పరిస్థితే. పోలీసు ప్రాంగణంలోనే శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు కూర్చున్నారు. కాబట్టి ఇది జరగని పని కాదు.

గడపదీపం:

అధ్యయనం గారూ, అంతా బాగుంది. కానీ ఆమె అడగకుండానే సంస్థకు పేరు ఇచ్చేయడం నాకు మింగుడు పడదు. నేను పోలీసుల్ని పిలిచాను, ఇంకెవరో నా ఇంటికి ఫోను చేస్తున్నారేమిటి అని ఆమె అనుకోదా?

అధ్యయనం:

అనుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో అనుభవం ఉన్న దేశాలే ఏకాభిప్రాయానికి రాలేదు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో 2003లో ఒక పద్ధతి మొదలై బ్రిటన్ అంతటా వ్యాపించింది. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న కేసుల్ని పోలీసు, ఆరోగ్య, గృహవసతి శాఖలూ స్వచ్ఛంద సంస్థలూ ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటాయి. అవసరమైతే ఆమె అనుమతి లేకుండా కూడా సమాచారం పంచుకుంటాయి, ప్రాణం ముందు అన్న వాదనతో. అమెరికాలో మహిళలపై హింస నిరోధక చట్టం కింద నిధులు పొందే సంస్థలైతే ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా ఆమె వివరాలు బయటికి ఇవ్వకూడదు. చట్టమో న్యాయస్థానమో ఆదేశిస్తేనే మినహాయింపు.

న్యాయపథం:

నేను గీత ఇక్కడ గీస్తాను. పోలీసు నుంచి సంస్థకు సమాచారం తేలిగ్గా రావాలి. సంస్థ నుంచి పోలీసుకు ఆమె సంతకం లేకుండా వెళ్లకూడదు. ఎందుకంటే పోలీసుకు చెప్పింది సాక్ష్యం అవుతుంది. మీకు చెప్పింది మనసు విప్పడం. ఆమె మీ దగ్గర "నేనూ ఒకసారి అతని మీద గిన్నె విసిరాను" అంటుంది. అది పక్క గదికి చేరితే మర్నాడు ఆమె మీదే కేసు.

ఖాకీ_ముప్పైయేళ్లు:

న్యాయపథం గారు చెప్పినది ఊహ కాదు, జరిగేదే. ఇద్దరికీ గాయాలున్నాయని ఇద్దరినీ తెచ్చి కూర్చోబెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. తర్వాత నేర్చుకున్నాను, గాయం ఉందా అని కాదు, ఎలాంటి గాయం అని చూడాలి. అతని ముంజేతి మీద గోటి గీతలు, పంటి గాట్లు ఉన్నాయంటే ఆ చేయి ఆ సమయంలో ఎక్కడ ఉంది? చాలాసార్లు ఆమె మెడ చుట్టూ. ఆమె విడిపించుకోవడానికి గీరింది. అతని గాయం ఎర్రగా కనిపిస్తుంది, ఆమెది లోపల ఉంటుంది. నిబ్బరంగా మాట్లాడేది అతను, అరుస్తూ ఏడ్చేది ఆమె. కొత్తగా చేరిన కుర్రవాడు నిబ్బరంగా ఉన్నవాడినే నమ్ముతాడు. ఇది శిక్షణలో నాకెవరూ చెప్పలేదు. ఒక సంస్థ కార్యకర్త స్టేషన్ వరండాలో నాతో వాదించి చెప్పింది. ఆ రోజు ఆమె మీద చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆమెకు దణ్ణం పెడతాను.

కాబట్టి తెల్లకాగితం గారూ, మీ కార్యకర్త మాతో స్నేహంగా ఉండటం సరే, మాతో వాదించగలగాలి. ఆమె జీతం స్టేషన్ నుంచి వస్తే వాదించలేదు.

ఎవరికీ_చెప్పలేదు:

అతను పోలీసే అయితే ఆమె ఆ గదికి ఎలా వస్తుంది?

గడపదీపం:

అమ్మా, మీరు ఇది ఎవరి కోసం అడుగుతున్నారో నేను అడగను. మీరు రాసిన ఫోను ఇంకెవరి చేతికైనా వెళ్లేదైతే ఈ పేజీ చూసిన గుర్తులు చెరిపేయండి. వీలైతే మీరు నమ్మే మనిషి ఫోను నుంచి మాట్లాడండి. మీ ఇంటికి దూరంగా ఉన్న సంస్థనే ఎంచుకోండి. మొదటిసారి పేరు చెప్పనక్కరలేదు, ఊరు చెప్పనక్కరలేదు. వెళ్లిపోవాలని అనుకుంటే ఆ సంగతి అతనితో అనకండి, ముందు ఎవరితోనైనా కలిసి దారి ఆలోచించుకోండి. విడిపోయే సమయమే అన్నిటికంటే ప్రమాదమైనది.

ఖాకీ_ముప్పైయేళ్లు:

ఆ ప్రశ్న నేను వేయాల్సింది. ముప్పై ఏళ్లలో అలాంటి ఇళ్లు నాకు తెలుసు, చాలాసార్లు నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆ ఇంటి ఫిర్యాదు అతను పనిచేసే స్టేషన్‌కు రాకూడదు. పై అధికారికి, వేరే పరిధిలోని దర్యాప్తు అధికారికి వెళ్లాలి. ఆ రోజే అతని చేతిలోని ఆయుధం శాఖ వెనక్కి తీసుకోవాలి. ఇది మీ ఒప్పందంలో రాతపూర్వకంగా లేకపోతే, అలాంటి ఇల్లాలికి మీ గది ఉన్నా లేనట్టే.

నీలిగోడ:

తెల్లకాగితం గారూ, స్టేషన్‌లో గది తీసుకున్నా ఇప్పుడున్న మీ ఆఫీసు మూయకండి. పోలీసు గేటు దాటలేని వాళ్లు చాలామంది ఉంటారు. నేను ఆ గేటు ముందు నుంచి ఆరుసార్లు తిరిగి వెళ్లాను, ఏడోసారి లోపలికి వెళ్లాను.

తెల్లకాగితం:

పన్నెండు రోజులు గడిచాయి. జరిగింది చెబుతాను.

ఈ చర్చ మొత్తం ముద్రించి మా సమావేశంలో అందరికీ ఇచ్చాను. నీలిగోడ గారు రాసిన భాగం చదివాక గది నిండా నిశ్శబ్దం. మాలో ఇద్దరు ఏడ్చారు. అప్పటిదాకా వద్దన్న మా పెద్దావిడే, "మనం వెళ్లకపోతే ఆ కుర్చీలో సంతకాలు పెట్టించేవాళ్లు ఎవరో ఒకరు కూర్చుంటారు" అన్నారు. వెళ్లాలని నిర్ణయించాం, షరతులతో.

అధికారిణితో రెండు గంటలు మాట్లాడాం. మొదట ఆవిడ ముఖం ముడుచుకున్నారు. నమోదు ముందు, మేము తర్వాత అన్నదానికి ఒప్పుకోవడానికే గంట పట్టింది. "మీరు మాట్లాడితే సగం సర్దుకుంటాయి కదా" అన్నారు. అప్పుడు ఆ పది రోజుల మాట చెప్పాను, ఖాకీ గారూ, మీ మాటల్లోనే. ఆవిడ పెన్ను కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ వాక్యాన్ని ఆవిడే కొట్టేశారు.

మా కార్యకర్త జీతం మాదే. ఆమె రాసుకున్నది మా బీరువాలో, మా తాళంతో ఉంటుంది. సహాయం అడిగి వచ్చిన మహిళ సంతకం లేకుండా కాగితం గోడ దాటదు. భార్యాభర్తలిద్దరినీ కలిపి కూర్చోబెట్టడం అసలు ఉండదు. అరెస్టయిన భర్తను వదిలిపెట్టే ముందు మాకు ఫోను చేయడం డ్యూటీ అధికారి పని అని రాశాం. సంతకం మనిషి పేరున కాకుండా పదవి పేరున తీసుకున్నాం, బదిలీ వచ్చినా ఒప్పందం ఉంటుంది. పోలీసు ఇంటి ఫిర్యాదుల అంశం ఆవిడ పరిధిలో లేదన్నారు. పై అధికారికి మేము రాసిన ఉత్తరం మీద ఆవిడా సంతకం చేసి పంపారు. జవాబు ఇంకా రాలేదు. ఊరుకునే ఉద్దేశం లేదు.

రెండు విషయాల్లో ఓడిపోయాను. మూసేసిన ఫైళ్లు నెలకు కొన్నైనా మాతో కలిసి చదవాలని అడిగితే, బయటివాళ్లకు చూపించలేనన్నారు. ఆరు నెలల తర్వాత మళ్లీ అడుగుతాను. ఇక రాత్రి ఫోను. ఆరుగురితో ఏడు రాత్రులు నడపలేం. ప్రస్తుతానికి శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే తీసుకున్నాం. మిగిలిన నాలుగు రాత్రులు నా మనసును తొలుస్తున్నాయి.

గడపదీపం:

మిగిలిన నాలుగు రాత్రుల్లో రెండు మా గృహం తీసుకుంటుంది. వివరాలు ఇక్కడ కాదు, విడిగా రాయండి.

సుముఖం:

శిక్షణ ఇస్తే ఒక రాత్రి నేను చేస్తాను. ఫోను ఎత్తడం మాత్రమే చేస్తాను, సలహాలు ఇవ్వను. ఎలా వినాలో ముందు నేర్చుకుంటాను.

రాత్రిపాళి_నర్సు:

గొంతు నులిమినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు తేలిక మాటల్లో ఒక పేజీకి కుదించి పంపుతున్నాను. దాన్ని ఆమె చేతికి ఇవ్వకండి, కానిస్టేబుల్ జేబులో ఉండాలి.

ఖాకీ_ముప్పైయేళ్లు:

పొద్దున రోల్ కాల్ సమయంలో పది నిమిషాలు అడిగి తీసుకోండి. అధికారి గదిలో ఎన్ని సంతకాలు జరిగినా రాత్రి తలుపు తట్టేది ఆ వరసలో నిలబడ్డ కుర్రవాళ్లే. పిలిస్తే నేనూ వచ్చి వాళ్లతో మాట్లాడతాను, గోటి గీతల సంగతి నేను చెప్పడమే మంచిది.

నీలిగోడ:

ఆ గదిలో ఆమె కుర్చీ తలుపుకు దగ్గరగా వేయండి. లేచి వెళ్లిపోవాలనిపిస్తే ఎవరినీ దాటుకుని వెళ్లే పని ఉండకూడదు.

తెల్లకాగితం:

నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. కుర్చీ గోడ వైపు ఉంది, బల్ల అడ్డం. మీరు రాసింది చదివి ఇవాళ పొద్దున్నే మళ్లీ వెళ్లి మార్చి వచ్చాను. సోమవారం తెరుస్తున్నాం.